నాలుగు తెల్ల దుప్పట్లు

జూన్ వచ్చిందంటే మా వీధి వాళ్ళకి నేను గుర్తొస్తాను. మిగతా పదకొండు నెలలూ ఈ రిటైరైన లెక్చరరు ఉందో పోయిందో ఎవరికీ పట్టదు. పిల్లలకి పదో తరగతి మార్కులు రాగానే మాత్రం తల్లులూ తండ్రులూ గుమ్మంలో నిలబడతారు. "ఏ కాలేజీ అయితే బాగుంటుందండీ? ఏ గ్రూపు ఇప్పించమంటారు? హాస్టల్లో వేద్దామా, ఇంటి నుంచే పంపిద్దామా?" ముప్పై ఏళ్ళు బోటనీ చెప్పిన మనిషిని కదా, నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుందని వాళ్ళ నమ్మకం. కుర్చీ వేస్తాను, మంచినీళ్ళిస్తాను, నాకు తోచింది చెబుతాను.

చెప్పే ముందు అందరితోనూ ఒక మాట అంటాను. "సలహా చెప్పేవాళ్ళకి అందులో ఏం కలిసొస్తుందో ముందు చూసుకోండి. నాతో సహా." వాళ్ళు నవ్వేస్తారు. పిల్లల్ని కాలేజీల్లో చేర్పించే దళారుల్ని దెప్పుతున్నాననుకుంటారు. కాదమ్మా, నన్ను నేనే దెప్పుకుంటున్నాను. పదిహేనేళ్ళ వయసులో నేనిచ్చిన మొట్టమొదటి సలహా ఎలాంటిదో తెలిస్తే వీళ్ళెవరూ నా గడప తొక్కరు. ఇన్నేళ్ళూ దాచాను. ఇక దాచలేను, సిగ్గుగా ఉన్నా సరే రాసేస్తాను.

ఎనభైల మొదట్లో సంగతి. మాది ప్రత్తిపాడు దాటి నల్లరేగడి చేల మధ్యగా వెళ్తే వచ్చే చిన్న ఊరు. మా నాన్న పల్లెలో చర్చికి ఉపదేశి. ఆదివారం వాక్యం చెప్పేవాడు, మిగతా రోజులు అరుగు మీద పిల్లలకి అక్షరాలు దిద్దించేవాడు. అందరూ ఆయన్ని అయ్యగారనేవాళ్ళు. మా ఎదురింట్లో ఒకావిడ, తండ్రి లేని ఇద్దరాడపిల్లల్ని పెట్టుకుని, మిరప కల్లాల్లోనూ పత్తి చేలల్లోనూ కూలికి పోయి సాకుతుండేది. పెద్దపిల్ల నా ఈడుది. ఒకటో తరగతి నుంచి పదో తరగతి దాకా ఇద్దరం ఒకే బెంచీ. పక్క ఊళ్ళో ఉన్న హైస్కూలుకి నడిచి వెళ్ళి నడిచి వచ్చేవాళ్ళం.

మా ఎదురింటి పిల్లకి సైన్సంటే పిచ్చి. సెలవు రోజుల్లో తల్లితో పాటు పత్తి తీతకు పోయేది. ఓసారి నేనూ వెంట వెళితే గట్టు మీద కూర్చోబెట్టి, పత్తి పువ్వొకటి తెంపి, తుమ్మముల్లుతో నిలువునా చీల్చి చూపించింది. "చూడవే, కేసరాలన్నీ అంటుకుపోయి గొట్టమైపోయాయి. ఆ గొట్టం మధ్యలోంచి కీలం ఎట్లా పైకొచ్చిందో చూడు. కింద గుండ్రంగా ఉందే, అదే రేపు కాయవుద్ది." పుస్తకంలో బొమ్మ చూసి మూడుసార్లు చదివినా నాకెక్కలేదు. గట్టు మీద ఒక్కసారికే ఎక్కింది. "మన స్కూల్లో సైన్సు చెప్పే ఆడమనిషి ఒక్కతీ లేదు, నేనవుతా చూడు," అనేది. ఊరికే అనేది కాదు, అవడానికి ఏమేం చదవాలో మాస్టారిని అడిగి నోటుపుస్తకం వెనక అట్ట మీద రాసిపెట్టుకుంది.

పదో తరగతి పాసయ్యాం. దానికి నాకంటే నలభై మార్కులు ఎక్కువ. మాలాంటి ఇళ్ళ ఆడపిల్లలు గుంటూరులో ఇంటర్ చదవాలంటే అప్పట్లో దారి ఒక్కటే. మిషను వాళ్ళ హాస్టలొకటి ఉండేది. అక్కడ చోటు దొరకాలి. చోటు దొరకాలంటే సంఘం తరఫున ఉపదేశి ఉత్తరం రాయాలి. ఆ ఉత్తరం లేకపోతే ఎన్ని మార్కులొచ్చినా గేటు దాటనివ్వరు.

ఒక సాయంత్రం నాన్న అమ్మతో అంటుంటే విన్నాను. "ఈ యేడు సంఘానికి ఒక్కరినే తీసుకుంటారంట. ఒక్కరే అయితే మార్కులెక్కువున్న పిల్లకే రాయాలి. నా కూతురని దీనికి రాస్తే రేపు నేనేం మొహం పెట్టుకుని వాక్యం చెప్తాను?" తలుపు వెనక నాకు ఆ నలభై మార్కులే గుర్తొచ్చాయి. తెల్లవారి ఆయన గుంటూరు బయల్దేరాడు, వార్డెనమ్మగారితో ఒకసారి మాట్లాడి వస్తానని.

ఆ రోజే ఎదురింటి పిల్ల నన్ను వెతుక్కుంటూ వచ్చింది. కాదు, అబద్ధమెందుకు? నేనే వెతుక్కుంటూ వెళ్ళాను. ఒక రైతు చావిట్లో, అమ్మకుండా ఉంచిన మిరపకాయలకి తాలు ఏరుతున్నారు. ఎర్రకాయల్లోంచి తెల్లబడిన కాయల్ని వేరుచేసే పని అది. తొడిమలు గిల్లీ గిల్లీ దాని వేళ్ళు మండుతుంటే కొబ్బరినూనె రాసుకుని కూర్చుంది. ముక్కుకి గుడ్డ కట్టుకుంది. నన్ను చూడగానే గుడ్డ కిందికి లాగి అడిగింది. "ఏమే, నీకు గుంటూరు తెలుసుగా. ఎట్లా ఉంటదే అక్కడ? నేను తట్టుకోగలనా?"

నాకు గుంటూరేం తెలుసు, నా మొహం! గుంటూరు పక్కన నల్లపాడులో మా పెద్దమ్మ ఉండేది. వేసవి సెలవులకి నాలుగు రోజులు వెళ్ళేదాన్ని. ఓసారి బస్సులోంచి కాలేజీ గేటు చూశాను. అంతే. అయినా మా పల్లెలో నా ఈడు ఆడపిల్లల్లో గుంటూరు చూసినదాన్ని నేనొక్కదాన్నే, అందుకని నా మాట వేదం.

చెప్పాను. వరసగా, ఏ మాత్రం తడుముకోకుండా చెప్పాను. పాఠాలన్నీ ఇంగ్లీషులోనే చెబుతారన్నాను. ఇంగ్లీషులో జవాబివ్వలేనివాళ్ళని రోజంతా నిలబెడతారన్నాను. రోజుకో ఓణీ మార్చకపోతే పట్నం పిల్లలు నవ్వుతారన్నాను. వాటికి అది బెదరలేదు. "నేర్చుకుంటాలే. నవ్వితే నవ్వనీ," అంది. అప్పుడు దుప్పట్ల సంగతి తెచ్చాను. "హాస్టల్లో ఒక్కొక్కరికి నాలుగు తెల్ల దుప్పట్లు ఉండాలి. కొత్తవి. శనివారం శనివారం తనిఖీ చేస్తారు, లేకపోతే ఇంటికి పంపించేస్తారు." అది ఎక్కడ్నించి వచ్చిందో నాకే తెలియదు, నోటికి అట్లా వచ్చేసింది. కానీ ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. వాళ్ళింట్లో ముగ్గురికీ కలిపి ఒక్క దుప్పటి. అది నాకు తెలుసు. చలికాలం వాళ్ళు ముగ్గురూ ఎట్లా సర్దుకుని పడుకునేవాళ్ళో వందసార్లు చూశాను.

అది వేళ్ళకున్న నూనె పావడాకి తుడుచుకుంది. తర్వాత, "మరైతే నన్నేం చెయ్యమంటావే?" అంది. దాని చూపులో అనుమానమంటూ లేదు. దానికీ సమాధానం సిద్ధంగా ఉంది నా దగ్గర. సత్తెనపల్లిలో పత్తి గింజలు తీసే జిన్నింగు మిల్లులో పనిచేసే మేనమామ ఉన్నాడుగా, ఆయనింట్లో ఉండి అక్కడే చదువుకో, సొంత మనుషుల దగ్గర ఏ తనిఖీలూ ఉండవు, అన్నాను. "నీ మంచికే చెప్తున్నా," అని కూడా అన్నాను. ఈ మాట ఎవరి నోట విన్నా ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

మర్నాడు దాని తల్లి మా ఇంటికొచ్చింది. చేతిలో చిన్న జాడీ. పండుమిరపకాయ పచ్చడి. "మా పిల్లకి మంచీ చెడ్డా విడమరిచి చెప్పావంట తల్లీ. తెలిసినదానివి నువ్వుండబట్టి సరిపోయింది, లేకపోతే అక్కడిదాకా పోయి నలుగుర్లో నవ్వులపాలయ్యేవాళ్ళం. గుంటూరులో కూడు చప్పగా ఉంటదంట, ఇది తీసుకుపో," అంది. రెండు చేతులా తీసుకున్నాను. ఆవిడ వెళ్ళాక జాడీని మంచం కిందికి తోసేశాను.

ఇంతవరకు చేసింది భయపడి చేశానని చెప్పుకోవచ్చు. సీటు పోతుందన్న భయం. చిన్నపిల్లని. కానీ ఆ తర్వాత చేసినదానికి ఆ సాకు కూడా లేదు.

నాన్న గుంటూరు నుంచి వచ్చాడు. మొహం వెలిగిపోతోంది. కాళ్ళు కూడా కడుక్కోకుండా చెప్పాడు. "ఇద్దరికీ చోటిస్తారంట! దాని మార్కులు చెప్పేసరికి వార్డెనమ్మగారే, 'అయితే ఇద్దర్నీ పంపండి, ఒకే గది ఇస్తాను' అన్నారు." ఆ మాటతోనే ఎదురింటికి పోయాడు. గుమ్మంలోంచి చూస్తున్నాను. అది తలొంచుకుని ఏదో చెబుతోంది. నాన్న చేతులు తిప్పుతూ నచ్చజెబుతున్నాడు. అది తలెత్తలేదు. దుప్పట్లు లేవని అయ్యగారితో ఎట్లా చెబుతుంది? అభిమానం గల పిల్ల. "నాకు గుంటూరు వద్దయ్యగారూ, మామయ్య దగ్గర ఉంటా," అని ఒకటే మాటంట.

నాన్న తిరిగొచ్చి అరుగు మీద కూలబడ్డాడు. "ఆ పిల్లకేమైందో అర్థం కావట్లేదు. నువ్వెళ్ళమ్మా. నీ మాటంటే దానికి గురి. నువ్వు చెప్తే వింటది," అన్నాడు.

వెళ్ళాను. మా ఇంటికీ వాళ్ళింటికీ మధ్య ఉన్నది ఒక వీధి, ఒక బోరింగు పంపు. పంపు దాకా వెళ్ళాను. ఇప్పుడు నా సీటుకి వచ్చిన ఢోకా ఏమీ లేదు. లోపలికి వెళ్ళి, "ఒసేయ్, అవన్నీ ఉత్తిదేనే, పద పోదాం," అంటే అయిపోయేది. కానీ అట్లా అంటే, ఎందుకు చెప్పావని అడుగుతుంది. ఆ ఒక్క ప్రశ్నకి భయపడి, పంపు కొట్టి, అవసరం లేకపోయినా కాళ్ళు కడుక్కుని, తేలు కుట్టిన దొంగలా వెనక్కి వచ్చాను. "చెప్పాను నాన్నా. వినలేదు," అన్నాను. ఆయన నమ్మాడు. చనిపోయేదాకా నమ్మాడు.

హాస్టల్లో వార్డెనమ్మగారు చెప్పినట్టే ఇద్దరికీ కలిపి గది ఇచ్చారు. నాకొక మంచం, ఎదురుగా ఒక మంచం. "మీ ఊరి రెండో అమ్మాయి ఏదమ్మా? అంత మంచి మార్కులు తెచ్చుకుని ఎందుకు రాలేదు?" అని ఆవిడ అడిగితే గోడవైపు చూశాను. ఎప్పటికైనా వస్తుందేమోనని ఆ మంచం ఎవరికీ ఇవ్వలేదు. యేడాదంతా నా ట్రంకుపెట్టె దాని మీదే ఉంది. పడుకోవడానికి ఒక దుప్పటి, నీళ్ళకి ఒక బకెట్టు, తినడానికి ఒక కంచం, ఒక గ్లాసు, అంతే హాస్టలు వాళ్ళు తెచ్చుకోమన్నది.

కాలేజీలో మొదటిరోజే ఒక లెక్చరరు, "తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్ళు చేతులెత్తండి," అన్నారు. సగానికి పైగా లేచాయి. "భయపడకండి, మొదట తెలుగులో చెప్పి తర్వాత ఇంగ్లీషులో చెబుతాను," అన్నారు. ఎవరినీ నిలబెట్టలేదు. ఓణీల వైపు చూసి ఎవరూ నవ్వలేదు. నేను చెప్పిన అబద్ధాలు ఒక్కొక్కటే నా కళ్ళ ముందే అబద్ధాలని తేలుతుంటే, ఆ క్లాసులో ఎవరికీ తెలియని దొంగతనానికి నేనొక్కదాన్నే భుజాలు తడుముకుంటూ కూర్చున్నాను.

కొన్నాళ్ళకి ప్రాక్టికల్ క్లాసులో మందారపువ్వు ఇచ్చి, కేసరావళి గురించి ఎవరైనా చెబుతారా అన్నారు. మందారానిదీ పత్తిదీ ఒకటే కుటుంబం. లేచి చెప్పాను, అంటుకుపోయిన కేసరాల గొట్టం గురించి, మధ్యలోంచి వచ్చే కీలం గురించి. "భేష్, ఎవరు నేర్పారు?" అన్నారు లెక్చరరు. "నేనే చదువుకున్నానండీ," అన్నాను. ఆ రాత్రి అన్నంలోకి, అమ్మ నా ట్రంకుపెట్టెలో సర్ది పంపిన ఆ జాడీలో పచ్చడి వేసుకోవాలంటే మనసొప్పలేదు. అయినా తిన్నాను. పారేయడానికి చేతులు రాలేదు, ఎవరికైనా ఇవ్వడానికి నోరు రాలేదు. నాలుగు నెలలు పట్టింది ఆ జాడీ ఖాళీ అవడానికి.

కాలేజీని బాగా వాడుకోవడం ఎట్లాగండీ అని అడుగుతారు జనం. ముందు బెంచీలో కూర్చో, తెలియంది అడుగు, లైబ్రరీకి పో, ఇవన్నీ ఎవరైనా చెబుతారు. నేను చెప్పేది ఒక్కటే. నీకంటే తెలివైనవాళ్ళని నీ పక్కన కూర్చోబెట్టుకో. వాళ్ళు నీ సీటు లాక్కోరు, నిన్ను చదివిస్తారు. నేను నా పక్కదాన్ని ఊళ్ళో వదిలేసి వెళ్ళాను. అది పక్కనుంటే ఇంటర్‌లో రెండు పేపర్లు అత్తెసరు మార్కులతో గట్టెక్కాల్సి వచ్చేది కాదు.

అక్కడ సత్తెనపల్లిలో అది చేరేసరికే ఆలస్యమైంది. సైన్సు గ్రూపు నిండిపోయిందంటే చరిత్ర తీసుకుంది. దసరాకి మేనమామ భార్యకి కానుపయింది. పసిబిడ్డని చూసుకోవాలి, ఇంటి పని చెయ్యాలి. ఇవాళ ఒక్కరోజుకి, రేపు ఒక్కరోజుకి అంటూ కాలేజీ మానిపించారు. క్రిస్మస్‌కి నేను ఇంటికొచ్చేసరికి అది పత్తి తీతలో ఉంది. పండగ ఆరాధనలో సాక్ష్యాలు చెప్పమంటే నాన్న నా వైపు చూశాడు. దేవుడు చేసిన మేలు నలుగురి ముందూ లేచి చెప్పడం మా సంఘాల్లో ఆనవాయితీ. లేచి, "దేవుడు నాకు గుంటూరులో సీటిచ్చాడు," అన్నాను. చాప మీద నా ముందు కూర్చున్న అది అందరికంటే గట్టిగా "ఆమెన్" అంది. బయటికొచ్చాక నా చెయ్యి పట్టుకుని అడిగింది. "తట్టుకుంటున్నావా అక్కడ? మరీ ఏడిపించట్లేదుగా?" నన్ను తిట్టినా బాగుండేది.

రెండో యేడు కూడా అట్లాగే గడిచింది. నా ఇంటర్ అయిపోయింది, డిగ్రీకి అక్కడే చేరబోతున్నాను. మళ్ళీ జూన్. అదే చావిడి, అవే తాలుకాయలు. అది రోజుకూలీకి పూర్తిగా కుదురుకుంది. చెల్లెలు పదో తరగతి పాసై అక్క పక్కనే కూర్చుని కాయలేరుతోంది. నేను వెళ్ళేసరికి అక్క ముక్కుకున్న గుడ్డ కిందికి లాగింది.

"వచ్చావా? నీ కోసమే చూస్తున్నా. ఇది మీ హాస్టల్లో చేరతానని ఒకటే గోల. మాస్టారు ఎక్కించారు దీనికి. నేనొద్దంటున్నా. నాకొచ్చినన్ని మార్కులు కూడా రాలేదు దీనికి, ఆ ఇంగ్లీషు ఏం తట్టుకుంటది? నాలుగు తెల్ల దుప్పట్లు నేనెక్కడ తేను? సత్తెనపల్లిలో నాకేం ఒరిగిందో చూశావుగా. చదువు మాన్పించి కుట్టుమిషను నేర్పిద్దామనుకుంటున్నా. నువ్వేమంటావు? నువ్వు ఊఁ అంటే అట్లాగే చేస్తా."

చెల్లెలు నా మొహంలోకి చూస్తోంది. కళ్ళనిండా నీళ్ళు. అవి మిరప ఘాటుకి వచ్చినవి కావు.

ఊఁ అంటే అయిపోతుంది. ఉన్నమాట చెబుతున్నాను, అనడానికి నోరు తెరిచాను కూడా. దొరక్కుండా రెండేళ్ళు నెట్టుకొచ్చాను, ఇంకొక్క అక్షరంతో జీవితాంతం నెట్టుకురావచ్చు. కానీ ఆ పిల్లకి నిజమైన సలహా చెప్పాలంటే దాని అక్కకి చెప్పింది అబద్ధమని ఒప్పుకోవాలి. వేరే దారి లేదు.

"నాలుగు కాదు," అన్నాను.

"ఏంటి నాలుగు కాదు?"

"దుప్పట్లు. నాలుగక్కర్లేదు. తెల్లవి అక్కర్లేదు. తనిఖీ లేదు. పాఠాలు తెలుగులోనే మొదలుపెడతారు. ఎవరినీ నిలబెట్టరు. ఓణీలు ఎవరూ చూడరు. నీకు చెప్పినవన్నీ నేను కల్పించినవే. ఉత్తరం ఒకరికేనని విన్నాను. నీకే వస్తుందని తెలుసు. అందుకని చెప్పాను. తర్వాత ఇద్దరికీ చోటుందని తెలిసి మా నాన్న నన్ను నీ దగ్గరికి పంపాడు. పంపు దాకా వచ్చి తిరిగిపోయాను. నీ మంచం యేడాదంతా ఖాళీగా ఉంది."

ఒక్క గుక్కలో చెప్పేశాను. దాని చేతులు ఆగాయి. కొడుతుందనుకున్నాను. కొట్టాలనే కోరుకున్నాను. చావిట్లో మిగతా ఆడవాళ్ళు దూరంగా వాళ్ళ మాటల్లో వాళ్ళున్నారు. చెల్లెలు అక్క వైపూ నా వైపూ మార్చి మార్చి చూస్తోంది. అక్క కళ్ళు తుడుచుకోబోయి, చేతులనిండా కారం ఉందని గుర్తొచ్చి, మోచేతి మడతతో ఒత్తుకుంది. మళ్ళీ కాయలు ఏరడం మొదలుపెట్టింది. ఎర్రకాయ ఇటు, తాలుకాయ అటు. నేను అట్లాగే నిలబడ్డాను.

చివరికి తలెత్తకుండానే అడిగింది.

"మరి ఎన్ని కావాలి?"

"ఏంటి?"

"దుప్పట్లు. ఎన్ని కావాలి దీనికి? ఈసారన్నా నిజం చెప్పు."

"ఒకటి," అన్నాను.

అది చేతిలో ఉన్న కాయ కింద పెట్టి, అప్పుడు నా వైపు చూసింది.

"ఒకటైతే అప్పుడు కూడా ఉందిగా మా ఇంట్లో," అంది.